కాళ్ళ రంగు

ఏప్రిల్ 14

మా ఆయన క్లెమెంట్ పోయి ఎనిమిది వారాలయింది. అతని నోటు పుస్తకాలు ఐదు, ఒక్క అక్షరం పడనివి, బీరువాలో మిగిలాయి. వానకు తడిసినా మెత్తబడని కాగితం, జేబులో పట్టే సైజు. డజన్ల చొప్పున తెప్పించేవాడు. పారేయడానికి చేతులు రాలేదు, ఎవరికైనా ఇద్దామంటే మనసు రాలేదు. సరే, నేనే రాసుకుంటాను. పురుగుల గురించి మాత్రం ఒక్క ముక్క రాయను.

ఏప్రిల్ 16

పొద్దున మళ్ళీ టీ రెండు కప్పుల్లో పోశాను. రెండూ నేనే తాగాను.

వెనక తలుపు వాడటం మానేశాను. చెమ్మకు బిగుసుకుపోయింది. ముందు తలుపు నుంచే తిరుగుతున్నాను.

ఏప్రిల్ 19

మాడ్జ్ కెల్లవే వచ్చింది, రబ్బరు బూట్లతో నేరుగా వంటింట్లోకి. క్లెమ్ ఇరవై ఆరేళ్ళు ఈ జిల్లా మొత్తానికి తూనీగల రికార్డు రాశాడు, జీతం భత్యం లేకుండా. అతని తర్వాత ఇప్పుడు ఆ పని మాడ్జ్‌ది. ఒకప్పుడు అతని వెనకాలే బురదలో తిరిగి నేర్చుకుంది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, మోకాళ్ళు రెండూ బాగా పనిచేస్తాయి. మంచి మనిషే, అబద్ధమెందుకు. అయినా ఆవిడ వచ్చి వెళ్ళాక నాకు ఇల్లంతా తుడవాలనిపిస్తుంది.

జిల్లా తూనీగల పుస్తకం జూలైలో అచ్చుకు పోతోందట. ఒక్కో జాతికి ఒక్కో పటం, కనబడిన చోటల్లా ఒక చుక్క. మొదటి పేజీ క్లెమ్‌కి ఇస్తారట. తూనీగల సంఘం మొత్తం ఒక్క మాట మీద నిలబడిందని చెప్పింది. బతికుండగా ఏడాదికోసారి పెట్టే భోజనంలో అతన్ని ఏ మూల కూర్చోబెట్టేవారో నాకు తెలుసు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

కళ్ళు అన్న మాట రాశాక కాసేపు కలం పక్కన పెట్టాను.

ఆ పేజీలో వేసేది పెడ్లర్ మడుగు కథ. ఇరవై ఏళ్ళ తర్వాత అక్కడికి చిన్న ఎరుపు అనే తూనీగ తిరిగొచ్చిన కథ. పోయినేడు మే 9. ఆ రికార్డు టైపు చేసి పంపింది నేనే, జనవరిలో, అతను ఆస్పత్రిలో ఉండగా.

మాడ్జ్ కప్పు కడుగుతూ, నావైపు చూడకుండా అడిగింది. "మే తొమ్మిదేనా హెస్టర్? జూన్ తొమ్మిది కాదు కదా?"

మే తొమ్మిదే అన్నాను.

"ఓహో" అంది. ఆ ఓహో నాకు నచ్చలేదు.

ఏప్రిల్ 20

పురుగులు రాయనన్నాను. ఆరు రోజులు ఆగాను కదా, చాలు.

ఈ దేశంలో ఎర్ర సూదితూనీగలు రెండే రకాలు. పెద్ద ఎరుపు, చిన్న ఎరుపు. పేరుకే పెద్దా చిన్నా, అగ్గిపుల్లకీ మొన విరిగిన అగ్గిపుల్లకీ ఉన్నంత తేడా. పెద్దది ఏప్రిల్‌లోనే దిగుతుంది. ఏ గుంటలో నీళ్ళున్నా సర్దుకుంటుంది. మా తోటలో పాత సింకు పాతిపెట్టి నీళ్ళు పోస్తే అందులో కూడా పుట్టింది. చిన్నది మహారాణి. జూన్ వస్తేగాని గడప దాటదు. దానికి బీడు నేలలోని పుల్లటి నీరే కావాలి, నాచు కావాలి, నీరు ఊరుతూ ఉండాలి, లోతు ఉండకూడదు. అన్నీ అమర్చినా వస్తుందో రాదో దాని ఇష్టం. ముప్పై ఏళ్ళు బడి వంటగదిలో మూడొందల మంది పిల్లలకు వండాను, ఇంత పేచీ పెట్టిన ప్రాణిని చూడలేదు.

రెండూ పక్కపక్కన వాలితే చూడాల్సింది కాళ్ళు. పెద్దదానికి నలుపు, చిన్నదానికి ఎరుపు. రెక్క కొసన చుక్క కూడా అంతే, కానీ దానికి భూతద్దం తీయాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి క్లెమ్ చెప్పే మొదటి మాట అదే, "ఒళ్ళు చూసి మోసపోకండి, కాళ్ళు చూడండి." పెళ్ళికి ముందు నన్ను మొదటిసారి పెడ్లర్ మడుగుకు తీసుకెళ్ళినప్పుడూ అదే చెప్పాడు. నా కాళ్ళ గురించేమో అనుకుని గౌను సర్దుకున్నాను. నా కాళ్ళ వైపు చూడనైనా లేదు.

అప్పట్లో అక్కడ జూలై వచ్చిందంటే గడ్డిపోచకొకటి చిన్న ఎరుపు. తర్వాత మేతకు నేల కావాలని ఎవరో కాలువ తవ్వారు, మడుగు ఎండింది, ఎరుపు పోయింది. ఆ కాలువ పూడ్పించడానికి క్లెమ్ పదకొండేళ్ళు ఉత్తరాలు రాశాడు. పూడ్చారు. నీరొచ్చింది, నాచొచ్చింది, చిన్న ఎరుపు రాలేదు. తొమ్మిదేళ్ళు ఎదురు చూశాడు.

పోయినేడు వచ్చింది. నేను చూశాను.

జరిగినవాటిలో ఒక్కటి మాత్రం మంచి జరిగింది. చిన్న ఎరుపు తిరిగొచ్చిందని తెలిసి పోయాడు. నిద్ర పట్టనప్పుడు ఆ ఒక్క సంగతి తలుచుకుంటాను.

ఏప్రిల్ 26

ఆ రోజు సంగతి ఒకసారి వరసగా రాసిపెడతాను, మాడ్జ్ ఓహోలకు జవాబుగా.

మూడేళ్ళుగా అతని చూపు నడిమధ్య నుంచి చెరిగిపోతూ వచ్చింది. అంచులు కనబడేవి, ఎదురుగా ఉన్నది కనబడేది కాదు. నా ముఖం చూడాలంటే నా చెవి పక్కకు చూసేవాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. గుడ్డివాడి రికార్డు ఎవరు నమ్ముతారు, పాతవి కూడా తీసి అవతల పారేస్తారు అన్నాడు. అప్పటి నుంచి కారు నడిపేదాన్నీ నేనే, పురుగును చూసేదాన్నీ నేనే. గడ్డిలో ఏదో కదిలిందని అంచు చూపుతో పట్టుకునేవాడు, ఆపైన ఒక్కొక్కటే అడిగేవాడు. నడుం మీద నల్ల పట్టీలున్నాయా? వాలినప్పుడు రెక్కలు మూసిందా, తెరిచిందా? నేను చెప్పేదాన్ని, అతను జేబులోంచి లావు కలం తీసి అక్కడే ఏదో గీసుకునేవాడు. ఇంటికొచ్చాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని జాతి పేరు, ఎన్ని కనబడ్డాయో నోటితో చెప్పేవాడు, నేను కంప్యూటర్లో ఎక్కించేదాన్ని.

మే 9న మడుగు ఒడ్డున మూడు గంటలున్నాం. చల్లగా ఉంది. ఏదో ఎర్రగా ఎగిరి గడ్డిపోచ మీద వాలిందని చెయ్యి చాచి చూపించాడు. "కాళ్ళు, హెస్? కాళ్ళు చెప్పు" అన్నాడు. నేను వంగి చూశాను. ఎరుపు అన్నాను. అతను గడ్డి దుబ్బు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంటికి పోదాం పిల్లా" అన్నాడు.

అంతే. చూశాను, చెప్పాను.

ఆ సాయంత్రం చెప్పిన జాబితాలో మాత్రం అది లేదు. పెద్ద ఎరుపు ఒకటి, ఇంకేవో నాలుగు చెప్పి చాలన్నాడు. సంతోషంలో మర్చిపోయాడు. అందుకే జనవరిలో నేను చేర్చాను. పుస్తకం అచ్చయి చేతికొచ్చాక చదివి వినిపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

మే 2

ఎరుపే.

మే 9

తారీకు చూడగానే బంగాళాదుంప విత్తనాలు తీసుకుని తోటలోకి పోయాను. సాయంత్రం దాకా నాటాను. సింకు మీద పెద్ద ఎరుపులు రెండు తిరుగుతున్నాయి. గరిటెతో తోలాను.

నిజానికి ఆ రోజు మరీ కిందికి వంగలేదు. మోకాలు వాచి ఉంది, బూటులోకి నీళ్ళు దిగాయి. నడుం దాకా వంగాను. అక్కడి నుంచి కూడా కనబడుతుంది. కనబడదని ఎవరంటారు?

మే 21

మాడ్జ్ ఉత్తరం. ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందంటే అప్పుడే అర్థమైంది.

చిన్న ఎరుపు మే 9న కనబడటం ఈ జిల్లాలో ఇంతవరకూ లేదట. ఫోటో లేదు, ఇంకో సాక్షి లేడు. కమిటీలో ఎవరో క్లెమ్ చూపు గురించి లేవనెత్తారట. ఆ ఒక్కటి తప్పయితే, ఆ మూడేళ్ళలో అతని పేరు మీద వచ్చిన రెండు వందల పద్నాలుగు రికార్డులూ అనుమానం కింద పక్కన పెట్టాలంటున్నారు. అప్పుడు మొదటి పేజీ కూడా ఉండదు. పుస్తకం జూలై 10న ప్రెస్సుకు పోతుంది, ఆలోగా ఏదైనా ఆధారం చూపించమంది. 'నన్ను క్షమించండి' అని రెండుసార్లు రాసింది.

ఉత్తరం నాలుగు మడతలు పెట్టి బ్రెడ్డు డబ్బా కింద దోపాను.

మే 22

వాళ్ళ మొహం. తొమ్మిదేళ్ళు ఆ బురదలో నిలబడింది వాళ్ళా?

ఈ ఏడు జూన్‌లో నేనే వెళ్ళి చూస్తాను. ఒక్కటి కనబడితే చాలు. ఈ ఏడు ఉందంటే పోయినేడూ ఉన్నట్టే. అతను ఊరికే సంతోషపడలేదని రుజువవుతుంది.

జూన్ 8

పెడ్లర్ మడుగు. రెండు గంటలు. పెద్ద ఎరుపు మూడు. కాళ్ళు నలుపు.

జూన్ 11

వాన.

జూన్ 13

పెద్ద ఎరుపు ఒకటి, జంట ఒకటి. నలుపు. అడవిలో వదిలేసిన గుర్రాలు నాలుగు నీళ్ళు తాగడానికి వచ్చి నా సంచిలోని ఆపిల్ పండు తిని పోయాయి.

జూన్ 17

నలుపు.

జూన్ 22

ఇవాళ మోకాళ్ళ మీద కూర్చున్నాను. రబ్బరు చాప వేసుకుని, అద్దాలు పెట్టుకుని, అతని భూతద్దం మెళ్ళో వేసుకుని, గడ్డి వేళ్ళ దాకా తల వంచి చూశాను. మొత్తం ఆరు. ఆరింటికీ నలుపే. ఇంత దగ్గర నుంచి చూస్తే కాళ్ళ మీద వెంట్రుకలు కూడా కనబడతాయి. పొరబడటానికి చోటే లేదు.

నడుం దాకా వంగి చూసినా తెలుస్తుంది. అది కూడా చూశాను.

జూన్ 28

మడుగు దగ్గర మాడ్జ్ ఎదురైంది. ఆవిడా దాని కోసమే వచ్చిందని చేతిలో వల చూస్తేనే తెలుస్తోంది.

"ఇక్కడేం చేస్తున్నారు హెస్టర్?"

"బట్టలు ఉతుక్కుంటున్నాను."

నవ్వలేదు. పక్కన కూర్చుని చీజ్ రొట్టె సగం తుంచి ఇచ్చింది. కాసేపు ఇద్దరం నీళ్ళు చూస్తూ తిన్నాం. పక్క లోయలో చిన్న ఎరుపులు వారం కిందటే మొదలయ్యాయనీ, ఇక్కడ మాత్రం నాలుగుసార్లు తిరిగినా ఒక్కటి కనబడలేదనీ చెప్పింది. నడుమ ఉన్నది మైలున్నర. ఆ పురుగుకు అది సముద్రం కిందే లెక్క. ఇక్కడికి చేరాలంటే ఇంకో పదేళ్ళు పట్టొచ్చు, అసలు చేరకపోనూ వచ్చు అంది.

తర్వాత మెల్లగా అడిగింది. "ఆయనకి చూపు ఎప్పటి నుంచి లేదు?"

"ఎవరన్నారు లేదని?"

"ఎవరూ అనక్కర్లేదు. క్రిస్మస్ భోజనంలో గ్రేవీ పళ్ళెం పక్కన పోసుకున్నాడు. అందరం చూశాం. అందరం చూడనట్టు కూర్చున్నాం."

ఆ గ్రేవీ నాకు తెలుసు. బల్లగుడ్డ మడత పెట్టి కప్పేశాను, ఎవరూ చూడలేదనుకున్నాను.

నేను చూశాను మాడ్జ్, ఎర్ర కాళ్ళే అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు మళ్ళీ అదే మాట. నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది.

"నాకు మీ మాట వద్దు, నా మాటా వద్దు" అంది మాడ్జ్. "ఒడ్డున రాసింది రికార్డు, ఇంటికొచ్చి రాసింది జ్ఞాపకం. ఆయన నేర్పిందే ఇది. ఆ రోజు ఈ ఒడ్డున కూర్చుని ఏం రాశాడో అది చూపించండి. ఆ పుస్తకం ఎక్కడుంది?"

తెలియదన్నాను.

వెనక తలుపు మేకుకు వేలాడుతున్న అతని మైనం పూసిన వాన కోటు జేబులో ఉంది. ఫిబ్రవరి నుంచి అక్కడే ఉంది. తలుపు చెమ్మకు బిగుసుకోలేదు.

జూన్ 30

నలుపు. నేను చూసింది నలుపు.

ఇంకోసారి రాస్తాను, లేకపోతే రేపు మళ్ళీ మాట మారుస్తాను. పోయినేడు మే 9న ఆ గడ్డిపోచ మీద వాలినదాని కాళ్ళు నల్లగా ఉన్నాయి. నాకు స్పష్టంగా కనబడ్డాయి. ఎరుపు అని చెప్పాను.

ఆ వారమే కళ్ళ డాక్టరు చెప్పాడు, మిగిలిన ఆ అంచు చూపు కూడా క్రిస్మస్‌కి పోతుందని. దారి పొడవునా క్లెమ్ కారులో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే లేచి బూట్లు తొడుక్కుని పెడ్లర్‌కి పోదాం అన్నాడు. అంత దిగాలుపడిన మనిషి ఒడ్డున నిలబడి "కాళ్ళు చెప్పు హెస్" అంటుంటే, ఆ గొంతు విని, నలుపు అనే మాట నోట్లోంచి రాలేదు. ఇది నిజం.

ఇంటికెళ్ళి బూట్లు విప్పి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకోవాలని కూడా అప్పుడు నాకు ఉండింది. ఎరుపంటే చాలు, బయల్దేరతాడు. ఇదీ నిజమే. ఏది ఎంత పాళ్ళో నాకే తెలియదు.

మూడేళ్ళలో అతనికి చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. జనవరిలో దాన్ని టైపు చేసి, అతని పేరు పెట్టి పంపాను. అతని ఇరవై ఆరేళ్ళ మీద నా మోకాలు పెట్టి కూర్చున్నాను.

అయినా సంతోషంగా పోయాడు. వచ్చిందనుకునే పోయాడు. అది మాత్రం ఎవరూ తీసుకోలేరు.

జూలై 2

కోటు దాకా వెళ్ళాను. చెయ్యి జేబు మీద పెట్టి వెనక్కి వచ్చాను. ఆ పుస్తకంలో అతని లావు అక్షరాలతో చిన్న ఎరుపు అని రాసి ఉంటుంది. నా మాట నమ్మి రాసుకున్న రాత. దాన్ని మాడ్జ్ చేతిలో పెట్టి ఇది తప్పు అనాలి. ఎలా అనేది?

జూలై 4

తీశాను.

చూపు పోయాక అతను లావు నల్ల కలంతో, పేజీకి నాలుగైదు మాటలు పట్టేంత పెద్ద అక్షరాలు రాసేవాడు. ఒక అక్షరం మీద ఇంకోటి ఎక్కేది. నాకు అర్థం కావనుకుని ఏనాడూ తెరవలేదు. అర్థం కాకపోవడమేమీ లేదు. చదివినవి చదివినట్టు ఇక్కడ దించుతున్నాను, ఒక్కో వరస ఒక్కో పేజీ.

మే 9. పెడ్లర్.

పెద్ద ఎరుపు. మగ. 1.

చూసింది హెస్. తేల్చింది నేను.

హెస్ ఎర్ర కాళ్ళంది.

మేలో ఎర్ర కాళ్ళా.

మోకాలు వాచింది. మూడు గంటలు నిలబడింది.

దిద్దలేదు.

ఇంటికి తీసుకెళ్ళాలి.

జూలై 4, మళ్ళీ

అతనికి తెలుసు. నోట్లోంచి మాట వచ్చిన మరుక్షణమే తెలుసు. కళ్ళెందుకు, క్యాలెండరు చాలు. ఆ సాయంత్రం జాబితాలో చెప్పిన ఆ ఒక్క పెద్ద ఎరుపు అదే. నా చేతులతోనే టైపు చేశాను, గ్రహించలేదు.

దుబ్బు మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నది పురుగు కోసం కాదు.

ఏడ్చాను. అంత్యక్రియల రోజు కూడా ఇలా ఏడవలేదు, ఆ రోజు వచ్చినవాళ్ళకి శాండ్‌విచ్‌లు చాలతాయో లేదో అన్న ధ్యాసే సరిపోయింది. ఇవాళ కోటు మేకు మీద నుంచి తీసి ఒళ్ళో వేసుకుని, వెనక తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుని, మొహం అందులో పెట్టి అరిచి ఏడ్చాను.

తొమ్మిది నెలలు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. అతను బాధపడతాడని నేను నోరు విప్పలేదు. నేను సిగ్గుపడతానని అతను విప్పలేదు. ఒక్కసారి, ఒక్క రోజు ఎవరో ఒకరం అనివుంటే ఎంత నవ్వుకునేవాళ్ళం! మే నెలలో ఎర్ర కాళ్ళు చూపించిన మొనగత్తెవి నువ్వేనంటూ బతికినన్నాళ్ళూ ఏడిపించేవాడు. ఆ ఏడిపింపు కూడా నాకు దక్కలేదు.

చిన్న ఎరుపు రాలేదని తెలిసే పోయాడు. నేను రోజూ పట్టుకుని పడుకున్న ఆ ఒక్క మాటా పోయింది.

జూలై 5

పొద్దున మొదటి పేజీ నుంచి చదివాను. మూడేళ్ళ పుస్తకాలూ తీశాను. ప్రతి రికార్డు కిందా అదే మాట. చూసింది హెస్, తేల్చింది నేను. రెండు వందల పద్నాలుగులో నేను చేర్చిన ఆ ఒక్కటీ తీసేస్తే మిగతా రెండు వందల పదమూడింటికీ అలాగే ఉంది. నన్ను అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు, ఆపైన చోటూ తారీకూ ఎగిరిన తీరూ సరిచూసుకుని అతను తేల్చిన పేరు. బల్ల దగ్గర జాతీ సంఖ్యా మాత్రమే చెప్పేవాడు కాబట్టి, చూసినవారి గడిలో అలవాటుగా అతని పేరే ఎక్కించుకుంటూ పోయాను. అతను గుడ్డితనాన్ని దాచాడనుకున్నాను. ఒడ్డున మాత్రం ఏదీ దాచలేదు.

నలభై ఏళ్ళుగా ఆ పురుగుతో నాది సవతి పోరనుకున్నాను. నా పేరు రాసుకుని జేబులో పెట్టుకుని తిరిగాడు.

జూలై 6

కమిటీకి ఉత్తరం రాశాను. నాలుగు కాగితాలు చించాక ఐదోది ఇలా వచ్చింది.

'పోయినేడు మే 9 నాటి చిన్న ఎరుపు రికార్డు తప్పు. అది క్లెమెంట్‌ది కాదు, నాది. దాని కాళ్ళు నలుపని చూసి కూడా ఎరుపని చెప్పాను. అతను నమ్మలేదు, ఒడ్డున సరిగ్గానే రాసుకున్నాడు. అతను ఆస్పత్రిలో ఉండగా, అతనికి చెప్పకుండా నేనే దాన్ని పంపాను. మూడేళ్ళుగా అతనికి ఎదుటిది కనబడని మాట నిజం. ఆ మూడేళ్ళూ చూసింది నేను, తేల్చింది అతను. పుస్తకాలు పంపుతున్నాను, చదివి తిరిగి ఇవ్వగలరు.'

ఒట్టు తప్పాను క్లెమ్. నీ పుస్తకమే నాకంటే ముందు తప్పింది.

జూలై 9

మాడ్జ్ పుస్తకాలు పట్టుకొచ్చింది. ఈసారి గుమ్మంలో బూట్లు విప్పింది. రెండు వందల పదమూడూ నిలబడ్డాయట. కమిటీలో ముందుగా అనుమానం లేవనెత్తిన మనిషే మే 9 పేజీలు పైకి చదివాడట. మొదటి పేజీ ఉంటుంది. పెడ్లర్ మడుగు మీద చుక్క ఉండదు.

నేను తలూపాను. ఆవిడ కూర్చోలేదు, వెళ్ళనూ లేదు.

"ఆయన నాకు ఒక్కసారి కూడా తప్పు వదిలిపెట్టలేదు హెస్టర్" అంది. "కాళ్ళు చూడకుండా పేరు చెప్పానని ఒకసారి నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. దిద్దలేదు అని ఆయన రాయడం ఇరవై ఏళ్ళలో ఇదే చూడటం."

టీ పెట్టాను. రెండు కప్పులు. వెనక తలుపు తెరిచి గుమ్మం మీద కూర్చుని తాగాం.

జూలై 19

ఇది పెడ్లర్ ఒడ్డున రాస్తున్నాను. బల్ల దగ్గర కాదు. ఎండగా ఉంది, గాలి లేదు, మోకాలు పరవాలేదు. అతని కోటు వేసుకుని వచ్చాను, చేతులు రెండు మడతలు పెట్టాల్సి వచ్చింది.

వచ్చిన గంటకు ఒకటి దుబ్బు పక్కన గడ్డిపోచ మీద వాలింది. ఎర్రగా. చిన్నదేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను, అబద్ధమెందుకు. చాప వేసుకుని వంగాను. ఎగరలేదు. తల కాస్త పక్కకు తిప్పింది. కాళ్ళు ఆరూ పోచను పట్టుకుని ఉన్నాయి, ఒక్కొక్కటే చూశాను.

చుట్టూ ఎవరూ లేరు. పైకే చెప్పాను.

"నలుపు క్లెమ్. నలుపే."

జూలై 19. పెడ్లర్ మడుగు. పెద్ద ఎరుపు, మగ, 1.

చూసింది హెస్టర్.

తేల్చింది హెస్టర్.